యాప్ 11,400 డాలర్లంటోంది, షాపులో 700 ఇస్తామన్నారు: మా అబ్బాయి బాస్కెట్‌బాల్ కార్డుల అసలు విలువ ఎంత?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. మీరు న్యూజెర్సీలో ఉంటారు. మీ అబ్బాయి 2018 నుంచి 2021 దాకా కొన్న ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కార్డులు దాదాపు 600 ఉన్నాయి, ఎక్కువగా పనీనీ కంపెనీ ప్రిజమ్, ఆప్టిక్, హూప్స్ సెట్లు. అబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెళ్తున్నాడు. ఫోన్ యాప్‌తో అన్నీ స్కాన్ చేస్తే 11,400 డాలర్లు చూపించింది, దగ్గర్లోని కార్డుల షాపులో మొత్తానికి 700 ఇస్తామన్నారు. షాపువాళ్లు మోసం చేస్తున్నారా, అన్నీ గ్రేడింగ్‌కి (కార్డు ఎంత బాగుందో చూసి 10 దాకా మార్కులు వేసే కంపెనీకి) పంపితే మంచి ధర వస్తుందా, లేకపోతే ఇంకో పదేళ్లు దాచిపెట్టాలా అని అడిగారు.

సూటిగా జవాబు: 11,400 రాదండీ, ఎవరూ ఇవ్వరు. అలాగని 700కి ఇప్పుడే ఒప్పుకోకండి. ఆ 600లో అసలు డబ్బంతా ఏ పది పదిహేను కార్డుల్లోనో ఉంటుంది. వాటిని వెతికి పక్కకి తీసి, ఒక్కోదానికి బేరం తెగిన ధర చూసి విడిగా అమ్మండి. మిగతావి మొత్తంగా షాపుకే ఇచ్చేయొచ్చు. గ్రేడింగ్‌కి నాలుగైదు తప్ప పంపొద్దు.

నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. 2016 నుంచి కార్డులు కొంటున్నాను, అమ్ముతున్నాను, ఆలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోలో అప్పుడప్పుడు టేబుల్ కూడా పెడతాను. మీలాగే డబ్బా పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ప్రతి షోలో ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. వాళ్లలో మనవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఈ సంభాషణ నేను తెలుగులో చాలాసార్లు చేశాను.

యాప్ అంకె ఎందుకు తప్పో ముందు చూద్దాం. ఇప్పటి కార్డుల్లో ఒకే ఆటగాడి ఒకే ఫొటోతో పదుల కొద్దీ రకాలు వస్తాయి. మామూలుది బేస్, మెరిసేది సిల్వర్, ఆ తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, నీలం, బంగారం, ఇలా. వీటిని పారలల్స్ అంటారు. బేస్ కార్డుకి పది డాలర్లు వచ్చే ఆటగాడికే పది కాపీలే ఉండే గోల్డ్ కార్డుకి వేలు పలకొచ్చు. ఫొటో ఒకటే కాబట్టి యాప్ చాలాసార్లు రంగు తప్పు గుర్తిస్తుంది, మీ బేస్ కార్డుని సిల్వర్ అనుకుంటుంది. పైగా కొన్ని యాప్‌లు జనం అడుగుతున్న ధరల్ని కూడా లెక్కలో కలిపేస్తాయి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్న నోట విన్న మాట ఒకటుంది, కాటా మీద తెగిన రేటే రేటు అని. ఇక్కడా అంతే.

ఇంకో చిక్కు, ఆ 11,400లో కొంత భాగం రెండేసి మూడేసి డాలర్ల కార్డులు కలిపిన మొత్తం. రెండు డాలర్ల కార్డు ఈబే అనే ఆన్‌లైన్ బజారులో అమ్మితే ఫీజు దాదాపు 13 శాతం, తపాలా కవరు డాలరు దాకా, పైన సన్న ప్లాస్టిక్ తొడుగు, గట్టి అట్ట, మీరు ఫొటోలు తీసే టైము. చేతికి ఏం మిగలదు. అందుకే కాగితం మీద 1,500 డాలర్లున్న చిన్న కార్డుల కుప్ప అమ్మబోతే 150 కూడా పలకదు, అది షాపువాళ్ల తప్పు కాదు.

బేరం తెగిన ధర ఎలా చూడాలి. ఈబేలో ఆటగాడి పేరు, సంవత్సరం, సెట్టు, కార్డు నంబరు, రంగు అన్నీ టైప్ చేసి, ఫిల్టర్లలో "సోల్డ్ ఐటమ్స్" నొక్కండి. ఉదాహరణకి 2018-19 ప్రిజమ్ లూకా డాంచిచ్ నంబరు 280, 2019-20 ప్రిజమ్ జయాన్ విలియమ్సన్ 248, జా మొరాంట్ 249, 2020-21 ప్రిజమ్ ఆంథొనీ ఎడ్వర్డ్స్ 258. నంబరు వేస్తేనే సరైన కార్డు దొరుకుతుంది, ఎందుకంటే ఒకే సెట్టులో అదే ఆటగాడి ఇతర కార్డులు కూడా ఉంటాయి. ఆకుపచ్చ రంగులో కనిపించేవి అమ్ముడైన ధరలు. ధర మీద గీత కొట్టి "బెస్ట్ ఆఫర్" అని ఉంటే అసలు ఎంతకి ఇచ్చారో ఈబే చూపించదు, 130 పాయింట్ అనే సైటులో అదే అమ్మకం వెతికితే నిజమైన అంకె కనిపిస్తుంది. చివరి నెల రోజుల్లో ఐదారు అమ్మకాలు తీసుకుని, అన్నిటికన్నా పైదీ అన్నిటికన్నా కిందదీ వదిలేయండి. ఒక్కటే అమ్మకం మిగతావాటికన్నా రెండింతలు ఉంటే నమ్మకండి. దొంగ వేలంపాటలు పాడించుకునేవాళ్లు ఉన్నారు, పాడుకుని డబ్బు కట్టని వాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మీ అబ్బాయి కొన్న సంవత్సరాల గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో చివరి రెండేళ్లే ఈ హాబీ బాగా వేడెక్కిన రోజులు. కోవిడ్‌లో జనం ఇంట్లో కూర్చున్నారు, చేతిలో డబ్బుంది, పాత దిగ్గజం మైఖేల్ జోర్డాన్ మీద డాక్యుమెంటరీ వచ్చింది, అందరూ ఒక్కసారి కార్డుల మీద పడ్డారు. 2021 జనవరి చివర్లో 1986-87 ఫ్లీర్ కంపెనీ జోర్డాన్ రూకీ కార్డులు (రూకీ అంటే ఆటగాడి తొలి కార్డు), పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ 10 గ్రేడు ఇచ్చినవి, వేలంలో 7,38,000 డాలర్ల చొప్పున రెండు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది గడవకముందే అదే గ్రేడు కార్డు అందులో మూడో వంతుకి దిగిపోయింది. 2021 మార్చిలో పీఎస్ఏ కంపెనీ వచ్చిపడుతున్న కార్డులు తట్టుకోలేక చౌక సర్వీసులన్నీ ఆపేసింది. మే నెలలో విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ స్టోర్ పార్కింగ్‌లో కార్డుల కోసం గొడవ జరిగితే ఆ కంపెనీ కొన్నాళ్లు స్టోర్లలో కార్డులు అమ్మడమే మానేసింది.

ధరలు పడిపోవడానికి కారణం జనం ఉత్సాహం తగ్గడం ఒక్కటే కాదు. గ్రేడింగ్ కంపెనీల గోడౌన్లలో ఇరుక్కున్న లక్షల కార్డులు తర్వాత నెలల్లో ఒక్కొక్కటిగా 10 గ్రేడుతో బయటికొచ్చాయి. పీఎస్ఏ సైటులో పాప్ రిపోర్ట్ అని ఉంటుంది, ఏ కార్డుకి ఏ గ్రేడు ఎన్నిటికి ఇచ్చారో అందులో చూడొచ్చు. లూకా ప్రిజమ్ బేస్ కార్డు, జయాన్ ప్రిజమ్ బేస్ కార్డు తీసి చూడండి, పీఎస్ఏ 10 వచ్చినవే పదివేలు దాటి కనిపిస్తాయి. జోర్డాన్ ఫ్లీర్ కార్డుకి అదే గ్రేడు వచ్చినవి మూడు వందల చిల్లర మాత్రమే. రూకీ, 10 గ్రేడు అనే మాటలు రెండింటికీ ఒకటే, ఉన్న సంఖ్య వేరు. ఇప్పటి కార్డుల విలువ తేల్చేటప్పుడు నేను ముందు చూసేది ఆటగాడిని కాదు, ఇలాంటివి లోకంలో ఎన్ని ఉన్నాయన్నది.

2025 ఆగస్టులో కోబీ బ్రయంట్, జోర్డాన్ ఇద్దరి సంతకాలు, ఇద్దరి జెర్సీల మీది ఎన్‌బీఏ లోగోలు కలిపి ఉన్న 2007-08 ఎక్స్‌క్విజిట్ సెట్టు కార్డు 1 కోటి 29 లక్షల డాలర్లకు పైగా పలికిందని మీరు వార్తల్లో చూసే ఉంటారు. అది నిజమే. అలాంటి కార్డు ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఆ మార్కెట్టు వేరు, మీ డబ్బాలో ఉన్న కార్డుల మార్కెట్టు వేరు. అక్కడ పెరిగింది కదా ఇక్కడా పెరుగుతుందని అనుకోవద్దు, షోలకి వచ్చే చాలామంది ఆశ పెట్టుకునేది ఈ వార్తల వల్లే.

ఇక డబ్బాలో వెతకడం. దీనికి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించండి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, ఒక టేబుల్ లైటు పెట్టుకోండి. ప్రిజమ్ కార్డు ఒకటి తీసి లైటు కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. బేస్ అయితే మామూలుగా నిగనిగలాడుతుంది. సిల్వర్ అయితే ఇంద్రధనుస్సు రంగులు ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఒకసారి చూశాక ఇక పొరపాటు పడరు. అయినా అనుమానం ఉంటే కార్డు వెనక్కి తిప్పి నంబరు దగ్గర చూడండి, సిల్వర్, మిగతా పారలల్స్ మీద అక్కడ ప్రిజమ్ అనే మాట విడిగా అచ్చు వేసి ఉంటుంది, బేస్ మీద ఉండదు. నేను షోలో డబ్బాలు చూసేటప్పుడు ముందు వైపు చూడనే చూడను, కట్ట మొత్తం తిరగేసి వెనక ఆ ఒక్క మాట కోసం కళ్లు పరిగెత్తిస్తాను.

తర్వాత అంకెలు. ముందో వెనకో 45/99 లాగా ముద్ర ఉంటే ఆ రకం 99 మాత్రమే తయారయ్యాయని అర్థం. ఎవరిదైనా సరే, అంకె ఉన్న ప్రతి కార్డూ పక్కన పెట్టండి. సంతకం ఉన్నవి కూడా. సంతకం నేరుగా కార్డు మీద చేసిందా, పారదర్శకంగా ఉండే స్టిక్కర్ మీద చేసి అతికించిందా చూడండి, నేరుగా చేసిన దానికి ధర ఎక్కువ. జెర్సీ ముక్క ఉన్న కార్డులు చూసి సంబరపడకండి. వెనక సన్నటి అక్షరాల్లో ఈ గుడ్డ ఏ ఆటకీ ఏ ఆటగాడికీ సంబంధించింది కాదని రాసి ఉంటే, ఒకే రంగు గుడ్డ అయితే, చాలావరకు కాఫీ ఖర్చు దాటవు.

అబ్బాయి పక్కన పడేసిన కార్డులు తప్పకుండా చూడండి. ఇది నేను గట్టిగా చెప్తాను. పిల్లలు ఆ రోజుల్లో ఎవరు పెద్ద పేరో వాళ్లని పైన పెట్టుకున్నారు, అంటే జయాన్, జా, లమెలో బాల్. మిగతా రూకీలు రబ్బరు బ్యాండు వేసి అడుగున పడేశారు. ఆ అడుగు కట్టలోనే 2018 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమం) 11వ స్థానంలో వచ్చిన షే గిల్జస్-అలెగ్జాండర్ ఉండొచ్చు, 2025లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), ఫైనల్స్ ఎంవీపీ, చాంపియన్ అన్నీ ఆయనే. అదే డ్రాఫ్ట్‌లో 33వ స్థానంలో డాలస్‌కి వచ్చిన జేలెన్ బ్రన్సన్ ఉండొచ్చు. 2020 డ్రాఫ్ట్ నుంచి 21వ స్థానపు టైరీస్ మాక్సీ, 12వ స్థానపు హాలిబర్టన్ ఉండొచ్చు. నేను 2020 చివర్లో ఒక లూకా కార్డు మార్పిడిలో లెక్క సరిపోవడానికి రెండు బ్రన్సన్ సిల్వర్లు ఊరికే కలిపి ఇచ్చేశాను, మా డాలస్‌లో అప్పుడు వాటిని అడిగేవాళ్లే లేరు. ఆయన 2022లో న్యూయార్క్ నిక్స్‌కి వెళ్లాక ఆ కార్డుల ధరలు చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. ఆట ఒక్కటే కాదు, ఊరు కూడా ధరని కదిలిస్తుంది. మా డాలస్ టీమ్ లూకాని లాస్ ఏంజలెస్ లేకర్స్‌కి ఇచ్చేసిందన్న వార్త 2025 ఫిబ్రవరి 1 శనివారం రాత్రి మాకు పదకొండు దాటాక వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు, తెల్లారేలోపు నా లూకా కార్డులు కావాలని నలుగురు మెసేజ్ పెట్టారు, ఆ నలుగురూ కాలిఫోర్నియావాళ్లే.

ఇటువైపు జయాన్ చూడండి. మొదటి సీజన్‌లో 24 ఆటలు, రెండో సీజన్‌లో 61, 2021-22లో ఒక్కటీ ఆడలేదు. అతని కార్డులు కొన్నవాళ్లు డబ్బు పోగొట్టుకున్నది అతనికి ఆట రాక కాదు, ఒంట్లో గాయాల వల్ల. మీ దగ్గరున్న జయాన్ బేస్ కార్డులు ఎంతొస్తే అంతకి వదిలేయండి.

గ్రేడింగ్ విషయం లెక్క వేసి చూపిస్తాను, ఇవి ఉదాహరణ అంకెలే, మీ కార్డుకి మీరు చూసిన ధరలు వేసుకోండి. గ్రేడు లేని కార్డు 30 డాలర్లు, పీఎస్ఏ 10 వస్తే 110, 9 వస్తే 40, గ్రేడింగ్ ఖర్చు తపాలాతో కలిపి 30 అనుకుందాం. పది కార్డులు పంపారు, ఐదింటికి 10, ఐదింటికి 9 వచ్చాయి. అమ్మితే 750, ఈబే 13 శాతం పోగా 652, గ్రేడింగ్ 300 తీసేస్తే మిగిలింది 352. అదే పది కార్డులు గ్రేడు లేకుండా అమ్మితే ఫీజు పోను 261 వచ్చేది. అంటే నెలల తరబడి ఎదురు చూసి సంపాదించింది 91 డాలర్లు. 10 గ్రేడు మూడింటికే వస్తే? 610 వస్తుంది, ఫీజు పోను 531, గ్రేడింగ్ పోను 231, అంటే నష్టం. పిల్లలు ప్యాక్ విప్పి చేత్తో పట్టుకుని ఆడుకున్న కార్డులకి పదిలో మూడింటికి 10 రావడం కూడా గొప్పే.

అందుకని పంపేముందు మీరే పరీక్ష చేయండి. ఫోన్ టార్చ్ వేసి కార్డుని ఏటవాలుగా పట్టుకుంటే ఉపరితలం మీద సన్నటి గీతలు, గుండుసూది మొనంత సొట్టలు కనిపిస్తాయి, ప్రిజమ్‌లో ఫ్యాక్టరీలోనే ఇవి పడతాయి. అంచులు నాలుగు వైపులా సమానంగా ఉన్నాయా చూడండి, 10 కావాలంటే ముందువైపు ఎదురెదురు అంచుల వెడల్పు 55-45 నిష్పత్తి దాటి పక్కకి జరగకూడదు. నాలుగు మూలల్లో ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే ఆ కార్డు పంపొద్దు. నా నియమం ఏమిటంటే, 9 వచ్చినా నష్టం రాని కార్డే పంపుతాను. అంటే మీ డబ్బాలో షే సిల్వర్, ఎడ్వర్డ్స్ సిల్వర్, లూకా సిల్వర్ లాంటివి శుభ్రంగా ఉంటే పంపండి, బేస్ కార్డులు పంపొద్దు.

గ్రేడు లేని కార్డు కొనడంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను, మీ అబ్బాయి కాలేజీలో మళ్లీ కొనడం మొదలుపెడితే పనికొస్తుంది. 2021లో ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర 2013-14 ప్రిజమ్ యానిస్ అంటెటొకూంపో రూకీ కార్డు 400 డాలర్లకు కొన్నాను. మూలలు అద్దంలా ఉన్నాయి. గ్రేడింగ్‌కి పంపితే అంచు కత్తిరించారని గ్రేడు ఇవ్వకుండా తిప్పి పంపారు. అప్పటికి డబ్బు వెనక్కి అడిగే గడువు దాటిపోయింది, ఆయన ఫోన్ ఎత్తలేదు. ఇంటికొచ్చాక అదే సెట్టులోని మామూలు కార్డు ఒకటి కింద పెట్టి దాని మీద ఇది పెట్టి చూస్తే కుడివైపు అంచు వెంట్రుక మందాన లోపలికి ఉంది. కొన్న రోజే ఆ పని చేసి ఉంటే 400 మిగిలేవి. ఇప్పుడు ఖరీదైన కార్డు ఏది చేతికొచ్చినా ముందు ఇలా ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను.

షాపువాళ్ల 700 గురించి. నేను టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు వెంటనే అమ్ముడుపోయే కార్డుకి తెగిన ధరలో 65 నుంచి 75 శాతం ఇస్తాను, ఎందుకంటే ఫీజులు, అద్దె, రేపు ఆటగాడి మోకాలికి ఏమైనా అయితే వచ్చే నష్టం నాదే. చిల్లర కార్డులకి పది శాతం కూడా ఇవ్వలేను. మీ డబ్బా మొత్తం ఒకే మాటలో 700 అన్నారంటే వాళ్లు పైపైన చూసి నాలుగైదు మంచివి గుర్తుపట్టి, వాటి మీద లెక్క వేశారని నా అనుమానం. అది మోసం కాదు, వ్యాపారం. మీరు పదిహేను కార్డులు తీసేశాక మళ్లీ వెళ్లి మిగతావాటికి ఎంత ఇస్తారో అడగండి. 700 ఒక్కసారిగా 100కి పడిపోతే, ఆ పదిహేనింటిలోనే డబ్బుందని షాపువాళ్లే చెప్పినట్టు.

పదేళ్లు దాచడం మాటకొస్తే, బేస్ కార్డులు దాచొద్దు, సరఫరా ఇప్పటికే చాలా ఎక్కువ. 2009-10 నుంచి ఎన్‌బీఏ కార్డుల హక్కులు పనీనీ దగ్గరే ఉండేవి, 2025-26 సీజన్ నుంచి టాప్స్ అనే కంపెనీకి వెళ్లాయి, దాన్ని ఫనాటిక్స్ అనే ఇంకో కంపెనీ 2022లోనే కొనేసింది. మా ఊరి పిల్లలంతా ఇప్పుడు డాలస్ టీమ్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ టాప్స్ కార్డుల వెంట పడుతున్నారు. ఎన్‌బీఏ లోగోతో ప్రిజమ్ రూకీలు ఇక రావు కాబట్టి పాత ప్రిజమ్ పెరుగుతుందని కొందరంటున్నారు. సిల్వర్లు, అంకెలున్నవి నిలబడతాయని నేనూ నమ్ముతాను, అదీ ఎంవీపీ స్థాయి ఆటగాళ్లవి మాత్రమే. దాచాలనుకుంటే అలాంటివి రెండో మూడో ఉంచుకోండి.

అమ్మే టైము కూడా చూసుకోండి. సీజన్ మొదలయ్యే అక్టోబర్‌లో, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) జరిగే ఏప్రిల్, మే నెలల్లో కొనేవాళ్లు ఎక్కువ, జూలై ఆగస్టుల్లో చప్పగా ఉంటుంది. కాలేజీ ఫీజు గడువని జూలైలో హడావుడిగా అమ్మకండి. ఆటగాడు బాగా ఆడుతూ వార్తల్లో ఉన్నప్పుడే అమ్మేయండి, ఇంకా పెరుగుతుందని ఆగొద్దు. 2025 జూన్ 22న ఫైనల్స్ ఏడో ఆటలో హాలిబర్టన్ మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది, ఆ ఉదయం దాకా అతని కార్డులు పట్టుకుని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. లాభం వస్తే పన్ను కూడా ఉంటుందండీ, ఏడాదికి పైగా ఉంచుకున్న సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు, కొన్నప్పటి రసీదులు ఉంటే తీసి పెట్టుకోండి.

మీరు పెట్టిన ఫొటోలో మూడో వరుసలో ఉన్న ఎడ్వర్డ్స్ నాకు సిల్వర్‌లా అనిపిస్తోంది, లైటు పడిన తీరు చూసి అంటున్నాను. దాని వెనకవైపు ఫొటో ఒకటి, నాలుగు మూలలు దగ్గరగా తీసినవి నాలుగు, ఇక్కడే పెట్టండి. దాన్ని గ్రేడింగ్‌కి పంపాలో వద్దో ముందు అది తేల్చి చెప్తాను. ఈలోగా రబ్బరు బ్యాండ్లు మాత్రం ఇవాళే తీసేయండి, అంచులు నొక్కుకుపోతాయి.